ఇద్దరే మాట్లాడిన భాష

పోయిన నెలలో రేపల్లెలో ఎరిగినవాళ్ళ గృహప్రవేశానికి వెళదామని తెనాలి స్టేషన్‌లో పాసింజరు కోసం కూర్చుని ఉంటే, ఎదుటి బల్ల దగ్గరికి కొందరు కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ వచ్చి నిలబడ్డారు. ఆ వయసు పిల్లలు అంతమంది ఒకచోట చేరితే ప్లాట్‌ఫారం ఎగిరిపోవాలి గదా, వీళ్ళ దగ్గర చప్పుడే లేదు. చేతులే మాట్లాడుకుంటున్నాయి. ఒకమ్మాయి ఫోనును సంచికి ఆనించి నిలబెట్టి, అందులో కనిపిస్తున్న ఇంకెవరితోనో రెండు చేతులతో పోట్లాడుతోంది. పోట్లాటేనని నాకెలా తెలిసిందంటే, ఆ కనుబొమలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నేను మర్యాద మరిచిపోయి కళ్ళప్పగించి చూశాను. ఎంత చూసినా ఒక్క ముక్క అర్థం కాలేదు.

అందులో వింతేముంది అంటారేమో. ఉంది. చేతుల మాట నాకు వచ్చు. పన్నెండేళ్ళ వయసు నుంచీ వచ్చు. ఆరేళ్ళుగా అవసరం పడలేదు కాబట్టి మరిచిపోయాననుకున్నాను గానీ, ఆ పిల్లలను చూస్తుంటే నా కుడిచెయ్యి నా అనుమతి లేకుండానే లేచి, నేలను తట్టినట్టు గాలిలో రెండుసార్లు తట్టి, ‘మీదే ఊరు’ అని అడిగింది. ఆ అమ్మాయి నా చేతిని చూసింది, నా ముఖం చూసింది, పాపం ఏమీ పోల్చుకోలేకపోయింది. ఫోనులో పెద్ద పెద్ద అక్షరాలతో ‘ఏం కావాలి అమ్మమ్మా?’ అని రాసి చూపించింది. ఏమీ వద్దని తల అడ్డంగా ఊపి కూర్చున్నాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు. నా ఈడువాళ్ళు ఎవరైనా కాస్త తీరిగ్గా కూర్చుంటే చెప్పుకోవాలనిపిస్తోంది.

మా నాన్న తెనాలిలో ఒక అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే చెక్క అరల్లోంచి ఏరి, చేతిలోని ఇనప స్టిక్కులో పేర్చి వరసలు కట్టడం ఆయన పని. శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, పంచాంగాలు, ఊళ్ళో ఎవరికి ఏం చెప్పాలనిపించినా నాన్న వేళ్ళ మీదుగానే బయటికి రావాలి. అక్షరాలను తలకిందులుగా, కుడినుంచి ఎడమకు కూడా చదివేసేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఉండేవి కావు, అన్నం ముందు కూర్చుని కూడా గాలిలోంచి ఏదో ఏరుతూనే ఉండేవి. నేనా, పుట్టు వసపిట్టను. నిద్రలో కూడా వాగేదాన్నని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేది. అటువంటి ఇంట్లో, అరవైల మొదట్లో, నాకు చెల్లెలు పుట్టింది.

అది చాలా మంచి పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు, ఎంత గోలలో పడుకోబెట్టినా నిద్రపోతుందని. రెండో దీపావళికి మా కిటికీ కిందే సీమటపాకాయల సరం పేలితే వీధిలోని పిల్లలందరూ గుక్కపెట్టి ఏడ్చారు, మా చెల్లెలు పక్కకి ఒత్తిగిలి పడుకుంది. అమ్మ ముఖం అప్పుడు చూశాను నేను. ఆ తరవాత మొదలైంది మా ఇంట్లో మాటల కోసం వేట. వసకొమ్ము తేనెలో అరగదీసి నాలిక్కి రాశారు. గుళ్ళో గంట కట్టించి దాని చేతనే మోగించారు. చిలక కొరికిన జామపండు తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో చెప్పారు, అంతే, అంగలకుదురు తోటల్లో తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి మా వీధి చివరి ఇంటివాళ్ళ వరకూ అందరూ సగం కొరికిన జామపళ్ళు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. చిలక కొరికిందో ఉడత కొరికిందో ఎవరు చూడొచ్చారు గానీ, వాళ్ళ ఆప్యాయతకు మాత్రం లోటు లేదు. దానికి మాటలు రాలేదు, జామపళ్ళంటే ప్రాణం వచ్చింది.

రేపల్లె నుంచి వచ్చిన అమ్మమ్మ మాత్రం ఈ హడావిడిలో కలగజేసుకోకుండా ఒక మూల కూర్చునేది. ఒకనాడు అమ్మ నిలదీస్తే, “నాకు మూడో నెల్లోనే తెలుసే. చెబితే నా నోరు మంచిది కాదంటారని ఊరుకున్నా” అంది. అమ్మమ్మ అలా అనడానికి కారణం ఉంది. ఆవిడ చిన్న కూతురు, అంటే మా పిన్ని, పుట్టు చెవిటిది. ఆ పిల్ల కడుపులో ఉండగా అమ్మమ్మ గ్రహణం నాడు కూరగాయలు తరిగిందని, అందుకే అలాంటి పిల్ల పుట్టిందని ఇరవయ్యేళ్ళుగా ఆవిడను అంటూనే ఉన్నారు. అదే రెండోసారి తన కూతురి ఇంట్లో కనిపించేసరికి ఆ ముసలిప్రాణం ఆ మూలకి చేరింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేని పిల్లను ఏం చెయ్యాలో మా అమ్మకు సామెతలేవీ చెప్పలేదు.

పిన్నికి అప్పుడు ఇరవై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయేమో. రేపల్లెలో అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దస్తమానం విస్తళ్ళు కుట్టేది. ఈనెపుల్లతో ఆకుకు ఆకు తగిలిస్తుంటే ఆ వేళ్ళ వేగానికి కళ్ళు తిరిగేవి. వీధిలో అందరూ ‘మూగది’ అనే పిలిచేవారు, వినపడదు కదా అని ఎదురుగానే అనేవారు. ఇంట్లోవాళ్ళకూ ఆవిడకూ మధ్య కొన్ని సైగలుండేవి: తిను, రా, నీళ్ళు తే, ఆవును కట్టెయ్. ఆ సైగలన్నీ పనులు చెప్పడానికే. పిన్నిని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. ఏం వండమంటావనిగానీ, ఎందుకు నవ్వుతున్నావనిగానీ, నిన్న ఏం చూశావనిగానీ అడగడానికి ఎవరి దగ్గరా సైగ లేదు. అన్నేళ్ళు ఆవిడ తలలో ఏముందో లోకానికి తెలియదు, లోకం ఏమనుకుంటోందో ఆవిడకు తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే గుండె పిండినట్టుంటుంది, అప్పుడు మాత్రం అదంతా మామూలుగానే ఉండేది.

చెల్లెలికి ఐదేళ్ళప్పుడు ఎండాకాలం సెలవులకి రేపల్లె వెళ్ళాం. అరుగు మీద నేను జంతికలు తింటున్నాను, చెల్లెలు ఇసకలో ఆడుతోంది. వెనక అమ్మమ్మ చేతిలోంచి ఇత్తడి పళ్ళెం జారి గచ్చు మీద పడింది. నేను ఉలిక్కిపడ్డాను, గూట్లో కోళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి, చెల్లెలు తల తిప్పలేదు. పిన్నికి పళ్ళెం చప్పుడు తెలియదు గదా, నా ఉలికిపాటు చూసి వెనక్కి తిరిగింది, పళ్ళెం చూసింది, చెల్లెల్ని చూసింది. చేతిలోని విస్తరి పక్కన పెట్టి, లేచి వచ్చి, దాని ముందు కూర్చుని, తన చెవి ముట్టుకుంది. దాని చెవి ముట్టుకుంది. తన గుండె మీద చెయ్యి వేసుకుంది. మళ్ళీ చెవి, మళ్ళీ దాని చెవి, మళ్ళీ గుండె. నాలాగే, నువ్వూ నాలాగే. చెల్లెలు కాసేపు తేరిపారజూసి, తన చిన్న చేత్తో పిన్ని చెవి పట్టుకుని, తన గుండె తట్టుకుంది. ఒక భాషకు మొదటి మాట పుట్టడం నేను కళ్ళారా చూశాను, నోటి నిండా జంతికలతో.

ఆ రెండు నెలల్లో వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగిందో పెద్దవాళ్ళెవరూ గమనించలేదు. నేను గమనించింది కూడా మంచితనంతో కాదు, కుళ్ళుతో. ఇల్లంతటికీ వసపిట్టనైన నన్ను వదిలేసి వాళ్ళిద్దరూ పొట్టపట్టుకుని నవ్వుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది, ఆ మంటలోనే నేర్చుకున్నాను. మొదట్లో కాఫీ అనడానికి పిన్ని గింజలు వేయించి, విసిరి, కాచి, వడపోసి, ఊదుకుని తాగినంత తతంగం చేసి చూపించేది. పోనుపోను అంత ఓపిక ఎవరికుంటుంది, సెలవులు అయ్యేసరికి పెదవుల దగ్గర రెండు వేళ్ళు కలిపి ఒక్క ఊదు, అంతే, కాఫీ. నాన్న అంటే గాలిలో అక్షరం ఏరడం. అమ్మ అంటే ముక్కుపుడక. తెనాలి అంటే మూడు వేళ్ళు కిందికి జార్చడం, మా ఊరిమీదుగా పారే మూడు కాలువలు. నోటితో మాట్లాడేవాళ్ళంతా వాళ్ళ లెక్కలో చిలకలు, పెదవుల దగ్గర వేళ్ళను ముక్కులా ఆడిస్తే చాలు. ‘నాలాగే’ అన్న ఆ మొదటి మాట కూడా అరిగి అరిగి చెవిమీద ఒక్క వేలి తట్టుగా మిగిలి, మా చెల్లెలి పేరు అయిపోయింది.

అమ్మమ్మ ఇంట్లో ఆవు చచ్చిపోయినప్పుడు చెల్లెలు ఖాళీ కట్టుకొయ్య చూసి కొమ్ములు పెట్టి చూపించి కనుబొమలెత్తింది. పిన్ని అరచెయ్యి చాపి, దానిమీద ఏదో ఉన్నట్టు ఒక్కసారి ఊదేసింది. ఆ ఊదేసిన అరచెయ్యే తరవాత చచ్చిపోవడమైంది, వెళ్ళిపోవడమైంది, భుజం వెనక్కి ఊదితే నిన్న అయింది. అలా కళ్ళముందు లేని వాటి గురించి వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తరవాతి ఏడాది నుంచి పిన్ని ఎక్కువగా తెనాలిలోనే ఉండేది, మా ఇంట్లో విస్తళ్ళు కుడుతూ. ఒకసారి అందరం రేపల్లె బండిలో వెళుతుంటే భట్టిప్రోలు దగ్గర నాన్న ఉత్సాహంగా, “ఈ ఊళ్ళోనే దొరికాయమ్మా రెండు వేల ఏళ్ళనాటి అక్షరాలు. మన అక్షరాలకి ముత్తవ్వలు” అన్నాడు. అక్షరాలకంటే ముందు మాట ఉంది గదా, మాటకంటే ముందు ఏముండేదని అడిగాను. నాన్న చెల్లెలి వైపు చూసి, కిటికీలోంచి పొలాల్లోకి ముఖం తిప్పుకున్నాడు. జీవితమంతా అక్షరాలు పేర్చినవాడికి కూతురు నోట ఒక్క అక్షరం పలకలేదన్న బాధ ఆయనది. నా ఎదుట మాత్రం పిన్నీ చెల్లెలూ ఎవరిదో కోళ్ళగంప గురించి చేతులు అలసిపోయేలా కబుర్లు చెప్పుకుంటున్నారు. నేనడిగినదానికి జవాబు ఆ సీటులోనే ఉందని నాన్నకు చెప్పాలనిపించింది, ఎలా చెప్పాలో తెలియలేదు.

అమ్మ ఆ మాటలు నేర్చుకోలేదు. ఇంటి చాకిరీకి తోడు సిగ్గు కూడా. పదిమందిలో చేతులూపుతుంటే కోతులాట అంటారని భయం. నిద్రపోతున్న చెల్లెలి తల నిమురుతూ, “ఒక్కసారి అది అమ్మా అంటే చాలు, నాకింకేం వద్దు” అని ఎన్నిసార్లు అనుకునేదో. శుభలేఖలు అచ్చు వేయించుకోవడానికి వచ్చిన ఒకాయన, బాపట్లలో ఒక మేష్టారు మూగపిల్లల చేత మాట్లాడిస్తాడని నాన్నతో చెప్పాడు. మర్నాటికే ప్రయాణం కట్టారు. పెంకుటిల్లు, వసారాలో చాపలు, గోడకి పెద్ద అద్దం, కొద్దిమంది పిల్లలు. మేష్టారు చాలా నెమ్మదస్తుడు. డబ్బు కోసం కాదు, తపస్సులా చేసేవాడు ఆ పని. ఒక పాపను పిలిచి గొంతు మీద వేలు పెడితే ఆ పాప కష్టపడి, ముఖమంతా కందగడ్డ చేసుకుని, “అమ్మా, ఆకలి” అంది. ఆ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. మా అమ్మ అక్కడికక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది.

మేష్టారు ఒకటే షరతు పెట్టాడు. “చేతికి మాట దొరికినంతకాలం నాలిక్కి మాట రాదండి. కడుపు నిండినవాడు వంట నేర్చుకుంటాడా అమ్మా? ఇంట్లో ఎవరో అలాంటావిడ ఉన్నారన్నారు. ఆవిణ్ణి కొన్నాళ్ళు దూరంగా ఉంచండి.” నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ ఇంకా ఆ పాప వైపే చూస్తోంది. పిన్నిని ఆ వారంలోనే రేపల్లె బండి ఎక్కించారు. ఎందుకో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడ అభిప్రాయం ఎవరూ అడగలేదు. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్ళకు ఒక సదుపాయం ఉండనే ఉంది. ప్లాట్‌ఫారం మీద చెల్లెలు ఒక చేత్తో పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి, పిన్ని ఎక్కిన పెట్టె కనిపించినంతసేపూ రెండో చేత్తో ‘రేపు రా, రేపు రా’ అంటూనే ఉంది. తొమ్మిదేళ్ళు దానికి.

చెల్లెల్ని బాపట్లలో మేష్టారి ఇంట్లోనే ఉంచారు. అక్కడ పాఠం జరిగేటప్పుడు పిల్లల రెండు చేతుల్లోనూ నిండా నీళ్ళు పోసిన చెంబులు పెట్టేవారు. చేతులు కదిలితే నీళ్ళు ఒలుకుతాయి, ఒలికితే మళ్ళీ మొదటినుంచి. సెలవులకి ఇంటికొచ్చినా అదే నియమం, అన్నం పెట్టేముందు అమ్మ రెండు చెంబులు దాని చేతుల్లో పెట్టి ఎదురుగా కూర్చునేది. వాళ్ళిద్దరిలో ఎవరి కష్టం ఎక్కువో నేను ఇప్పటికీ చెప్పలేను. రెండో ఏడాది సెలవుల్లో అనుకుంటాను, చెల్లెలు చెంబులు పట్టుకుని, చెమటలు కక్కుతూ, “అ… మ్మ” అంది. అమ్మ దాన్ని వాటేసుకుంది, చెంబులు రెండూ దొర్లిపోయాయి, ఇల్లంతా నీళ్ళు. వీధివీధంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆ సంతోషం అబద్ధమని నేననను. కానీ ఆ తరవాత దానికి ఏం కావాలో, ఎక్కడ నొప్పో, ఎందుకు ఏడుస్తోందో చెప్పడానికి అమ్మ, అన్నం, నీళ్ళు, నమస్కారం, ఇంకా అలాంటివే కొద్ది మాటలు మిగిలాయి. కోళ్ళగంప గురించి గంటసేపు మాట్లాడిన పిల్ల అది.

ఆ ఏళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నేనే టపా. సెలవు దొరికితే రేపల్లె వెళ్ళేదాన్ని, పిన్ని అరుగు మీద విస్తళ్ళు పక్కకి తోసి, వాన సంగతీ, గేదె ఈనిన సంగతీ, ఎదురింటి కోడలు పుట్టింటికి పోయిన సంగతీ నా చేతుల్లో పోసేది. నాన్నతో బాపట్ల వెళ్ళినప్పుడు, మేష్టారూ నాన్నా వసారాలో మాట్లాడుకుంటుంటే, పెరట్లో బావి వెనక ఆ కబుర్లన్నీ చెల్లెలికి అప్పజెప్పేదాన్ని. మొదట్లో అది ఎగిరెగిరి జవాబులు చెప్పేది. ఏడాదులు గడిచేకొద్దీ నాకేసి చూసి, చేతులు సగం ఎత్తి, వసారా వైపు చూసి దించేసేది. పిన్ని ప్రతిసారీ చెవి మీద వేలు తట్టి ‘ఏమంది’ అని అడిగేది. నేను చెప్పడానికి తీసుకెళ్ళేది తగ్గిపోతూ వచ్చింది. ఎవరూ లేనప్పుడు పిన్ని గోడకేసి చూస్తూ చేతులు ఆడించడం మొదలుపెట్టిందని, పిచ్చిపడుతోందేమోనని అమ్మమ్మ దిగులుపడేది. ఆవిడ మాట్లాడుతోంది, అంతే. వినేవాళ్ళు లేరు.

చెల్లెలికి పద్నాలుగో ఏడు వచ్చేసరికి పిన్నికి కామెర్లు ముదిరి రేపల్లెలో ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. అమ్మా నేనూ బాపట్ల వెళ్ళి చెల్లెల్ని తీసుకుని, తెనాలిలో బండి మారి, రేపల్లెలో దిగాం. మంచం మీద పిన్ని పసుపు ముద్దలా ఉంది. చెల్లెల్ని చూడగానే లేచి కూర్చుని, వేలితో చెవి తట్టింది. చెల్లెలు మంచం పక్కన నిలబడిపోయింది. దాని రెండు చేతులూ పక్కలకి వేలాడుతున్నాయి, వేళ్ళు మాత్రం ముడుచుకుని ఉన్నాయి, ఎవరో రెండు చెంబులు పట్టించినట్టు. గొంతు సవరించుకుని, ముఖం కందిపోయేలా ప్రయాసపడి, “పి… న్ని” అంది. ఆ మాట అంత స్పష్టంగా పలకడానికి అది ఎన్నాళ్ళు అద్దం ముందు కూర్చుందో నాకు తెలుసు. మేష్టారు వింటే పొంగిపోయేవాడు. పిన్ని దాని పెదవుల్ని చూసి, నా వైపు తిరిగి, ‘ఏం నములుతోంది’ అని అడిగింది.

నేను గది బయటికి వచ్చేశాను. ఏడవకుండా ఉండడం నా వల్ల కాలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి పిన్ని దాని చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుని ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పుతోంది, చంటిపిల్లల పిడికిలి విప్పినట్టు. విప్పి అరచేతి మీద ఊదింది, భుజం వెనక్కి. నిన్న, మొన్న, అంతకుముందు. చెల్లెలి చేతులు మొదట తడబడ్డాయి, ఒక మాట కోసం తడుముకుంది, ఇంకొకటి తప్పు చేసింది, పిన్ని నవ్వింది. రెండు రోజులు తిరిగేసరికి ఆ చేతులు ఆగలేదు. డాక్టరుగారు ఎక్కడ నొప్పి అని అడిగితే నేను చెల్లెలికీ, చెల్లెలు పిన్నికీ చెప్పడం, పిన్ని చెప్పింది అదే దారిలో వెనక్కి రావడం. నాకు కబుర్ల మాటలే వచ్చు, వాళ్ళిద్దరూ కలిస్తే కొత్త మాట అక్కడికక్కడే పుట్టేది మరి. “ఈవిడ ఇన్ని వివరాలు చెబుతారని అనుకోలేదండి, లేకపోతే చాలాముందే అడిగేవాణ్ణి” అన్నారు డాక్టరుగారు. అమ్మ మంచం కాళ్ళవైపు నిలబడి అంతా చూస్తూనే ఉంది.

ఆ రోజే పిన్ని అమ్మకేసి తిరిగి ముక్కు పక్కన వేలుపెట్టి పిలిచింది. తరవాత తన రెండు చేతులు ముందుకు చాపి, వాటిని అటూఇటూ తిప్పి చూపించి, కనుబొమలెత్తింది. చెల్లెలు నాకు చెప్పింది, నేను అమ్మకు చెప్పాను. “నా చేతులు ఏం తప్పు చేశాయక్కా అని అడుగుతోంది.” ముప్ఫై ఏళ్ళలో అక్కను చెల్లెలు అడిగిన మొదటి ప్రశ్న అది. ఊళ్ళో మాటకారి అని పేరున్న మా అమ్మ వెళ్ళి పిన్ని చేతులు రెండూ పట్టుకుని, కళ్ళకద్దుకుంది. దానికి మాత్రం మా ఇద్దరి అవసరం పడలేదు.

మళ్ళీ చెల్లెల్ని బాపట్ల పంపలేదు. ఇంట్లో ఆ చెంబులు మళ్ళీ మామూలు చెంబులయ్యాయి. పిన్ని వానాకాలం వెళ్ళేదాకా ఉంది, ఆ నాలుగు నెలలూ చెల్లెలు రేపల్లెలోనే ఉంది, వాళ్ళు ఏమేం మాట్లాడుకున్నారో సగం నాకు అందలేదు. పిన్ని పోయాక అది తెనాలి వచ్చి నాన్నతో అచ్చాఫీసుకి వెళ్ళేది, వాడిన అక్షరాలను విడగొట్టి ఏ అరవి ఆ అరలో సర్దే పనికి. అమ్మ ఆలస్యంగానైనా చేతుల మాట మొదలుపెట్టింది. నలభై దాటిన వేళ్ళు వంగవు గదా, కాఫీ అనబోయి నెయ్యి అనేది, చెల్లెలు పడీపడీ నవ్వేది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, అచ్చాఫీసే పోయింది. చెల్లెలు నా దగ్గరే ఉండి ఆరేళ్ళ కింద వెళ్ళిపోయింది. చివరిరోజుల్లో మా ఇద్దరి చేతులకీ కీళ్ళనొప్పులు, మాటలు నత్తినత్తిగా వచ్చేవి.

స్టేషన్‌లో జరిగింది ఇంకొంచెం ఉంది. నా బండి కదిలేటప్పుడు ఆ ఫోను అమ్మాయి ప్లాట్‌ఫారం మీంచి నాకేసి చెయ్యి ఊపింది. నా వేలు దానంతటదే చెవి మీదికి వెళ్ళింది, అక్కణ్ణుంచి అరచెయ్యి గుండె మీదికి, అరిగిపోకముందు పిన్ని అన్నట్టే. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తన చెవి ముట్టుకుని, నన్ను చూపించి, కనుబొమలెత్తింది. నువ్వూ నాలాగేనా? అన్నేళ్ళ తరవాత ఆ మాట నన్నొకరు అడిగారు. కాదని తల ఊపవలసి వచ్చింది.

ఆ పిల్లల చేతులకి ఇప్పుడు చెంబులు పట్టించేవాళ్ళు లేరు. దేశమంతా వాళ్ళ మాట తెలిసినవాళ్ళున్నారట, ఫోనులో ఎంత దూరానున్నవాళ్ళతోనైనా పోట్లాడుకోవచ్చు. నాకు నిజంగా సంతోషంగా ఉంది. మా పిన్ని ఇప్పుడు పుట్టి ఉంటే అని ఒక్కసారి కాదు, వందసార్లు అనుకున్నాను. అయినా కాఫీని ఒక్క ఊదుతో చెప్పిన మాటా, మూడు కాలువల తెనాలీ వాళ్ళకు తెలియవు, తెలియవలసిన అవసరమూ లేదు. అవి ఇద్దరి కోసం పుట్టాయి, ఆ ఇద్దరూ లేరు. మిగిలింది నేను, చెవులున్నదాన్ని. భట్టిప్రోలులో బండి ఆగినప్పుడు పక్కనున్న పెద్దాయన నా ఒళ్ళోకి చూసి, “ఏంటమ్మా, చేతులు తిమ్మిరెక్కాయా?” అని అడిగారు. అప్పుడు చూసుకున్నాను, నా వేళ్ళు ఎప్పటినుంచి కదులుతున్నాయో.

“లేదండి, మా చెల్లెలితో మాట్లాడుతున్నాను” అన్నాను. ఆయన ఎదుటి సీటు వైపు చూశారు.